సర్దుబాటు తర్వాత

రెండేళ్ల కిందట, ఒక మార్చి నెల సాయంత్రం, మా టీమ్ రేటింగుల మీటింగులో కూర్చున్నాను. స్క్రీన్ మీద ఒక షీటు, అందులో పదకొండు మంది పేర్లు. ఇద్దరికి మించి పై రేటింగు ఇవ్వకూడదు, కనీసం ఒకరైనా కింద ఉండాలి అనేది పైనుంచి వచ్చిన రూలు. ఆ ఏడాది మా టీములో ఒకామె ఆరునెలలు మెటర్నిటీ లీవులో ఉంది. తిరిగొచ్చాక చేసిన పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మేనేజరు నావైపు చూసి "నువ్వేమంటావు?" అన్నాడు. "ఆర్నెల్ల పనిని ఏడాది పనితో ఎలా పోలుస్తాం? మిగతావాళ్లకి అన్యాయం కదా" అన్నాను. ఆమె పేరు ఆఖరి వరసలోకి వెళ్లింది. మౌసుతో పట్టుకుని కిందికి లాగడానికి ఒక్క సెకను పట్టింది.

నేనేదో అన్యాయం చేస్తున్నానని అప్పుడు అనిపించలేదు. లెక్క ప్రకారం మాట్లాడాననే అనుకున్నాను. ఎందుకంటే జెండర్ పే గ్యాప్ గురించి ఎవరు మాటెత్తినా నా దగ్గర ఒక వాదన సిద్ధంగా ఉండేది. మగవాళ్ల జీతాల సగటు ఒకవైపు, ఆడవాళ్ల జీతాల సగటు ఒకవైపు పెట్టి, "మగవాడి రూపాయికి ఆడవాళ్లకి వచ్చేది ఇన్ని పైసలే" అనడం సరైన పోలిక కాదు. అందులో డాక్టరూ ఉంటుంది, డేటా ఎంట్రీ చేసే అమ్మాయీ ఉంటుంది. చదువు, అనుభవం, పనిగంటలు, చేసే ఉద్యోగం ఇవన్నీ సమానం చేసి అప్పుడు పోల్చండి, తేడాలో చాలా భాగం మాయమైపోతుంది. దీన్ని సర్దుబాటు చేసిన తేడా అంటారు. ఈ కాలపు స్త్రీవాదం మీద నాలాంటి చదువుకున్న మగవాళ్లు చేసే విమర్శలో సగం ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంటుంది.

ఒకటి ముందే ఒప్పుకోవాలి. ఆ వాదనలో కూడికలూ తీసివేతలూ తప్పు కాదు. చాలా దేశాల లెక్కల్లో నిజంగానే సర్దుబాటు చేశాక తేడా తగ్గుతుంది. నన్ను తర్వాత ఇబ్బంది పెట్టింది లెక్క కాదు, ఆ మాట. సర్దుబాటు. మన ఇళ్లలో ఈ మాట గణాంకాల్లోంచి రాలేదు. "కాస్త సర్దుకుపో అమ్మా" అని కొత్త కోడళ్లకి చెప్పగా చెప్పగా అరిగిపోయిన మాట అది. అనుభవం తక్కువ కాబట్టి జీతం తక్కువ అంటాం, సరే. అనుభవం ఎందుకు తక్కువైంది? "అది వాళ్ల ఎంపిక" అనేది నా జవాబుగా ఉండేది. ఆ ఎంపికకి ఒక చరిత్ర ఉందనీ, అందులో కొంత నేను రోజూ బండి మీద దాటిపోయే రోడ్ల పక్కనే జరిగిందనీ చాలా ఆలస్యంగా తెలిసింది.

*

సికింద్రాబాదు కంటోన్మెంటుగా పుట్టిన ఊరు. 1806లో, మూడో నిజాం సికందర్ జా పేరు మీద. తిరుమలగిరి వైపు వెళ్తే ఇప్పటికీ సగం ఊరు గోడల వెనకాలే ఉంటుంది. బ్యారక్స్, పరేడ్ గ్రౌండ్లు, మిలిటరీ హాస్పిటల్. ఇక్కడి సైన్యానికీ వైద్యానికీ ఉన్న సంబంధం గురించి మనకి సాధారణంగా తెలిసింది రోనాల్డ్ రాస్ కథ. 1897 ఆగస్టులో ఆయన బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఆయన పేరుతో ఒక సంస్థ ఉంది, రోడ్డు ఉంది.

సైన్యంలో నర్సుల చరిత్ర అంత ప్రచారంలో లేదు. 1888లో ఇంగ్లండు నుంచి పదిమంది నర్సులు బొంబాయిలో దిగడంతో అది మొదలైంది. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, 1943లో, ఒక ఆర్డినెన్సు ద్వారా ఇండియన్ మిలిటరీ నర్సింగ్ సర్వీస్ ఏర్పడింది. ఇందులో ఆఫీసర్లుగా తీసుకునేది ఆడవాళ్లనే. స్వాతంత్ర్యం తర్వాత కూడా ఆ ఏర్పాటే నడిచింది. సైన్యంలో మిగతా శాఖలు ఆడవాళ్లకి తలుపు తెరవకముందే, భుజం మీద నక్షత్రాలు పెట్టుకుని, ఆఫీసరు హోదాలో ఆడవాళ్లు పనిచేసిన చోటు ఇది.

ఆ సర్వీసులో చేరి, కమిషన్ పొంది, లెఫ్టినెంట్ హోదాతో సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్‌కి పోస్టింగ్ వచ్చినవాళ్లలో సెలీనా జాన్ ఒకరు. ఆమె ఒక ఆర్మీ ఆఫీసరుని పెళ్లి చేసుకుంది. 1988 ఆగస్టులో ఆమెని ఉద్యోగంలోంచి తీసేశారు. అందుకు ఆధారం ఆర్మీ ఇన్‌స్ట్రక్షన్ 61, 1977 సంవత్సరానిది. మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో పర్మనెంట్ కమిషన్‌కి సంబంధించిన నిబంధనలు అందులో ఉన్నాయి. ఏయే కారణాల మీద ఉద్యోగం పోతుందో చెప్పే పట్టికలో, వైద్యపరీక్షలో పనికిరారని తేలడం, దుష్ప్రవర్తన లాంటి వాటి మధ్యలో ఇంకో కారణం కూడా ఉంది. పెళ్లి చేసుకోవడం.

పెళ్లి అంటే ఇద్దరి మధ్య జరిగేది. ఇద్దరూ సైన్యంలో ఆఫీసర్లే. రూలు మాత్రం నర్సింగ్ ఆఫీసర్లకే, అంటే ఆడవాళ్లకే.

ఆమె అలహాబాద్ హైకోర్టుకి వెళ్లింది. అక్కణ్ణించి కేసు లక్నోలోని సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి చేరింది. 2016 మార్చిలో ట్రిబ్యునల్, ఆమెని తీసేయడం చెల్లదు, తిరిగి ఉద్యోగంలోకి తీసుకుని బాకీ జీతం ఇవ్వండి అంది. ప్రభుత్వం దానిమీద సుప్రీంకోర్టుకి అప్పీలు చేసింది. 2024 ఫిబ్రవరి 14న జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా తీర్పు చెప్పారు. పెళ్లయిందని ఆడమనిషి ఉద్యోగం తీసేయడం నిరంకుశమైన, మొరటైన వివక్ష అనీ, ఆ రూలు పైకి చూస్తేనే ఏకపక్షమైనదని తెలుస్తోందనీ అన్నారు. ఉద్యోగంలోకి తిరిగి తీసుకోవడానికీ, బాకీ జీతానికీ బదులుగా, అన్నిటికీ కలిపి ఒకేసారి 60 లక్షల రూపాయల పరిహారం ఇమ్మన్నారు.

నేను ఇంజనీర్ని కాబట్టి వెంటనే భాగహారం చేశాను. 1988 ఆగస్టు నుంచి 2024 ఫిబ్రవరి దాకా ముప్పై అయిదున్నరేళ్లు. నెలకి పద్నాలుగు వేల చిల్లర. ఇది సరైన లెక్క కాదని నాకూ తెలుసు. అప్పటి జీతాలు చిన్నవి, ఆమె మధ్యలో ఎప్పుడో రిటైరయ్యేది, కొంతకాలం ప్రైవేటు ఉద్యోగం కూడా చేసిందని తీర్పులోనే ఉంది. ఇటువైపు పెన్షనూ ప్రమోషన్లూ నేను కలపనే లేదు. అందుకని ఆ లెక్క పక్కన పెట్టి ఇంకో లెక్క వేశాను. అది ఇంకా ఇబ్బందిగా తేలింది.

సైన్యంలో నర్సింగ్ చేసినవాళ్లందరి జీవితకాలపు సంపాదన మీద నేనొక మోడల్ కట్టాననుకుందాం. సెలీనా జాన్‌కి ఒక వరస ఉంటుంది. సర్వీసు కాలమ్‌లో కొద్ది సంవత్సరాలు, సంపాదన కాలమ్‌లో ఆ కొద్ది సంవత్సరాల జీతం. అంతే సర్వీసు చేసిన ఇంకెవరితోనైనా పోల్చి చూస్తే తేడా సున్నా. సర్దుబాటు చేశాక, నా మోడల్ ప్రకారం, ఆమెకి ఏ అన్యాయమూ జరగలేదు.

*

ఇదేదో ఒక్క మిలిటరీలో ఉన్న పాత చాదస్తం అనుకోవచ్చు. కాదు. పెళ్లయిన ఆడవాళ్లని ఉద్యోగంలోకి తీసుకోకపోవడం, ఉద్యోగంలో ఉన్నవాళ్లు పెళ్లి చేసుకుంటే తీసేయడం ఇరవయ్యో శతాబ్దంలో చాలా చోట్ల పద్ధతిగా నడిచింది. అమెరికాలో బడిపంతుళ్ల, గుమస్తాల ఉద్యోగాల్లో రెండో ప్రపంచయుద్ధం దాకా ఇది మామూలు. బ్రిటిష్ సివిల్ సర్వీస్‌లో 1946 దాకా, వాళ్ల విదేశాంగ శాఖలో 1973 దాకా ఉంది. ఐర్లండు ప్రభుత్వోద్యోగాల్లోనూ 1973 దాకా ఉంది.

మనకి ఆ పద్ధతి ఇంగ్లీషువాడి ఫైళ్లతో పాటు వచ్చింది. సి.బి. ముత్తమ్మ 1949లో ఇండియన్ ఫారిన్ సర్వీస్‌లో చేరిన మొదటి మహిళ. ఆ సర్వీసు రూల్సులో, మహిళా ఆఫీసరు పెళ్లి చేసుకునే ముందు ప్రభుత్వం నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి అని ఉండేది. పెళ్లి తర్వాత కుటుంబ బాధ్యతలు పనికి అడ్డమని ప్రభుత్వం అనుకుంటే రాజీనామా అడగొచ్చు. పెళ్లయిన స్త్రీకి ఆ ఉద్యోగం హక్కుగా రాదని ఇంకో రూలు. తనకి ప్రమోషన్ నిరాకరించారని ఆమె సుప్రీంకోర్టుకి వెళ్తే, 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ రూల్సుని ఉతికి ఆరేశారు. కుటుంబం అడ్డమే అయితే అది మగవాడికీ అడ్డమే కదా అన్నారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ఆమెకి ప్రమోషన్ ఇచ్చేసింది కాబట్టి పిటిషను కొట్టేశారు గానీ, ఒక సలహా ఇచ్చారు. ఎవరూ కోర్టుకి వచ్చేదాకా ఆగకుండా, అన్ని సర్వీసుల రూల్సూ వెతికి ఇలాంటివి తీసేయండి అని.

ఆ సలహా వచ్చింది 1979లో. ఆర్మీ ఇన్‌స్ట్రక్షన్ 61ని ఉపసంహరించుకున్నది 1995 ఆగస్టులో. సెలీనా జాన్ ఉద్యోగం పోయిన 1988 ఈ రెండిటికీ మధ్యలో ఉంది.

ఈ మధ్యకాలంలో సమాన వేతనాల చట్టం లేదా అంటే, ఉంది. 1975 అంతర్జాతీయ మహిళా సంవత్సరం. ఆ సెప్టెంబరులో ఆర్డినెన్సు వచ్చింది, 1976లో అది చట్టమైంది. ఒకే పనికి, లేదా ఒకేలాంటి పనికి, ఆడా మగా తేడా లేకుండా ఒకే జీతం. దాన్ని మొదటిసారి మొత్తం చదివినప్పుడు పదిహేనో సెక్షన్ దగ్గర ఆగిపోయాను. పిల్లల్ని కనే సందర్భంలో ఆడవాళ్లకి ఇచ్చే ప్రత్యేక ఏర్పాట్లకి ఈ చట్టం వర్తించదు అని ఉంది, అది అర్థమయ్యేదే. దాని పక్కనే, రిటైర్మెంటు, పెళ్లి, మరణం వీటికి సంబంధించిన నిబంధనలకి కూడా వర్తించదు అని ఉంది. జీతం సమానంగా ఉండాలన్న చట్టమే, ఆ జీతం ఎన్నాళ్లు వస్తుందో తేల్చే రూళ్లని తన గడప అవతల వదిలేసింది.

పైగా సమానం అనాలంటే పక్కన ఒక మగవాడు ఉండాలి. మిలిటరీ నర్సింగ్‌లో ఆఫీసర్లందరూ ఆడవాళ్లే. ఎవరితో పోలుస్తారు? విమానాల్లోనూ ఇదే పేచీ వచ్చింది. ఎయిరిండియాలో ఎయిర్ హోస్టెస్ 35 ఏళ్లకి, లేదా చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే అప్పుడు, లేదా మొదటిసారి గర్భం దాల్చితే అప్పుడు, ఏది ముందైతే అది, ఉద్యోగం వదలాలి. అదే క్యాబిన్‌లో పనిచేసే మగ ఫ్లయిట్ పర్సర్ 58 దాకా ఉండొచ్చు. నర్గీస్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు గర్భం రూలుని కొట్టేసింది. నాలుగేళ్ల పెళ్లి రూలుని మాత్రం ఉంచింది. ఆడపిల్ల ఆరోగ్యానికీ, కుటుంబ నియంత్రణకీ కూడా మంచిదే అని కారణం చెప్పింది. రెండూ వేరువేరు క్యాడర్లు, వేరే రిక్రూట్‌మెంటు, వేరే ప్రమోషన్లు కాబట్టి వాళ్లనీ వీళ్లనీ పోల్చకూడదు అంది.

ఆరేళ్ల తర్వాత, 1987లో, అదే కోర్టు ఈ క్యాడర్ల ముసుగుని కొంచెం తీసి చూసింది. మెకినన్ మెకెంజీ అనే షిప్పింగ్ కంపెనీలో ఆడ్రీ డికోస్టా స్టెనోగ్రాఫరు. మగ స్టెనోలకి ఎక్కువ జీతం. ఆమెది కాన్ఫిడెన్షియల్ స్టెనో ఉద్యోగం, అందులో మగవాళ్లెవరూ లేరు, కాబట్టి పోలిక కుదరదు అని కంపెనీ వాదన. ఆ సీట్లలో ఆడవాళ్లే ఉన్నారంటే అక్కడ ఆడవాళ్లనే కూర్చోబెట్టాలని కంపెనీ అనుకుంది కాబట్టే కదా అని కోర్టు అడిగింది. యూనియన్‌తో ఒప్పందం ఉందన్నా, డబ్బుల్లేవన్నా ఒప్పుకోలేదు. ఆమె గెలిచింది.

నా రేటింగుల మీటింగులో నేను అన్న మాట గుర్తుంది కదా. "ఆర్నెల్ల పనిని ఏడాది పనితో ఎలా పోలుస్తాం?" పోలిక కుదరదు అనే మాట ఇంత పాతదని నాకు అప్పుడు తెలీదు.

*

మన రాష్ట్రం దగ్గరికి వస్తే, 1980ల ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో దేశానికి కొంచెం ముందు నడిచింది. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉద్యోగ నియామకాల నిబంధనల్లో 22ఎ అనే రూలు చేర్చింది. ఆడా మగా సమానంగా తగిన పోస్టుల్లో, మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు, కనీసం 30 శాతం ఆడవాళ్లని తీసుకోవాలి. దీనిమీద పి.బి. విజయకుమార్ అనే అభ్యర్థి కోర్టుకి వెళ్లాడు. హైకోర్టు ఆయన వైపు నిలిచింది. 1995లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పుని పక్కన పెట్టి రూలుని నిలబెట్టింది. రాజ్యాంగంలోని 15(3) ఆడవాళ్లకి ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోనిస్తుంది, అందులో ఉద్యోగాలూ వస్తాయి అని తీర్పు రాసింది జస్టిస్ సుజాతా మనోహర్.

ఈ కేసులో విజయకుమార్‌ని విలన్‌గా చూడటం నాకు ఇష్టం లేదు. ఉద్యోగాలు తక్కువ ఉన్న రాష్ట్రంలో, పరీక్ష రాసి ఎదురుచూసే కుర్రాడికి ఆ 30 శాతం ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు. ఈ కాలపు స్త్రీవాదం మీద మగపిల్లల కోపంలో పెద్ద భాగం సిద్ధాంతం కాదు, ఉద్యోగాల కరువు. కానీ ఆయన అడిగిన ప్రశ్నకి అర్థం, రూలు ఈరోజు నుంచి సమానంగా ఉంటే చాలు అని. నిన్నటిదాకా ఏ రూళ్లు ఉన్నాయో అది ఆ ప్రశ్నలో లేదు.

అదే ప్రభుత్వం తెచ్చిన ఇంకో చట్టం చూడండి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులాగే కూతురికీ పుట్టుకతో హక్కు. కేంద్రం ఈ పని 2005లో చేస్తే, ఆంధ్రప్రదేశ్ 1986లోనే చేసింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేట్టు. చాలా పెద్ద అడుగు. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి ఆ హక్కు లేదని అందులో రాసి ఉంది. అక్క పెళ్లి ఆగస్టులో, చెల్లెలి పెళ్లి అక్టోబరులో అయిందనుకోండి, చెల్లెలు వారసురాలు, అక్క కాదు. అన్నయ్య పెళ్లి ఎప్పుడైందో ఎవరూ అడగరు.

ఉద్యోగమైనా, ఆస్తి అయినా, ఆకాశంలో ఎగిరే విమానమైనా, గీత గీసిన చోటు ఒకటే. ఆడ అని కాదు, పెళ్లయిన ఆడ అని. అందుకే ఆడవాళ్లు ఎక్కడ ఆగిపోయారో చూసి "ఎంపిక" అన్నప్పుడు, ఆ ఎంపికకి రెండు మూడు తరాల పాటు అచ్చులో రూళ్లు ఉన్నాయని గుర్తు పెట్టుకోవాలి. పుస్తకంలోంచి రూలుని తీసేయడానికి ఒక ఆర్డరు చాలు. అది నేర్పిన అలవాటు మాత్రం ఆర్డరు కాపీ అందుకుని వెళ్లిపోదు.

*

ఇంతా చెప్పి, ఇప్పటి స్త్రీవాదం మీద నా ఫిర్యాదులు వెనక్కి తీసుకోవడం లేదు. రెండు ఉన్నాయి.

ఒకటి, సగటుల నినాదం. అన్నీ కలిపిన ఒక అంకెని పట్టుకుని "ఒకే పనికి తక్కువ జీతం" అని చెప్పడం వల్ల, ఎదుటివాడు ఆ అంకెలోని తప్పు చూపించి, మొత్తం విషయమే అబద్ధం అని నవ్వి వెళ్లిపోగలుగుతున్నాడు. నేను అలా వెళ్లిపోయినవాణ్ణే. జీతం చీటీ మీద కనపడే తేడా కంటే, అసలు జీతం చీటీ ఎన్నేళ్లు వచ్చింది అనేది పెద్ద ప్రశ్న. నినాదంలో అది ఇమడదు.

రెండోది, మన దృష్టి అంతా గాజు భవనాల్లోనే ఉండటం. బోర్డు మీటింగులో ఎంతమంది ఆడవాళ్లు ఉన్నారన్నది మార్చి 8న బాగా చర్చకొస్తుంది. అదే రోజు సిటీ దాటి గంట ప్రయాణం చేస్తే, మగ కూలి ఇంత, ఆడ కూలి ఇంత అని రెండు రేట్లు పబ్లిగ్గా చెప్తారు. దానికి ఏ సర్దుబాటూ అక్కర్లేదు. వంగి వంగి నాట్లు వేసే పనిది తేలిక పని అనీ, మందు కొట్టే పనిది బరువు పని అనీ ఎవరు తూకం వేశారో తెలీదు. గ్రామీణ కూలి రేట్లని ప్రభుత్వం సేకరించే పట్టికల్లోనే మగ, ఆడ అని రెండు కాలమ్‌లు ఉంటాయి.

ఈ మాట నేను కొత్తగా చెప్తున్నది కాదు. తెలుగులో స్త్రీవాదాన్ని గట్టిగా విమర్శించినవాళ్లు మగవాళ్లు మాత్రమే కారు. రంగనాయకమ్మ మార్క్సిజం వైపు నుంచి దశాబ్దాలుగా విమర్శిస్తూ వచ్చారు. ఇంటిపనీ బయటిపనీ ఆడా మగా ఇద్దరూ చెయ్యాల్సిందే అన్నది ఆవిడ పట్టు. 'నీలిమేఘాలు' సంకలనం 1993లో వచ్చి తెలుగు కవిత్వంలోకి వంటిల్లునీ, శరీరాన్నీ తెచ్చింది. దళిత స్త్రీలు 'నల్లపొద్దు' లాంటి పుస్తకాలతో వచ్చి, మీ వంటింటి గోడలు మా కథ కాదు, మేము ఎప్పుడూ బయటే పనిచేస్తున్నాం, కూలికి అన్నారు. ఇంట్లోంచి బయటికి రానివ్వకపోవడం ఒకరి సమస్య అయితే, బయట చేసిన పనికి సగం కూలి ఇంకొకరి సమస్య. ఒకే అంకెలో రెండూ చెప్పబోతే రెండూ సరిగ్గా వినపడవు.

ఎంపిక గురించి కూడా మన పల్లెల్లోనే ఒక సాక్ష్యం ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆడా మగా ఒకే రేటు. పని ఊరికి దగ్గర్లోనే. పని జరిగే చోట అయిదుగురు గానీ అంతకంటే ఎక్కువ గానీ చిన్నపిల్లలుంటే వాళ్లని చూసుకోవడానికి ఒకామెని పెట్టి, ఆమెకీ కూలి ఇవ్వాలని చట్టంలోనే రాశారు. అది అన్నిచోట్లా సరిగ్గా జరగలేదు. అయినా, పనిదినాల్లో మూడోవంతు ఆడవాళ్లకి దక్కితే చాలని చట్టం అనుకుంటే, తెలుగు రాష్ట్రాల్లో అది సగం దాటిపోయింది. ఆడవాళ్ల మనసు మారలేదు. పని దూరం మారింది, రేటు మారింది. అంతకుముందు పనికి రాకపోవడాన్ని మనం ఎంపిక అనేవాళ్లం.

*

2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ క్లాడియా గోల్డిన్‌కి వచ్చింది. అప్పట్లో "చూశావా, ఇప్పటి తేడాకి పెద్ద కారణం యజమానుల పక్షపాతం కాదని ఆవిడే చెప్పింది" అని నేను ఒక ఫ్రెండుతో వాదించాను. నిజంగానే ఆవిడ దాదాపు అలాంటి మాటే అంటుంది. తన సహచరులతో కలిసి షికాగో యూనివర్సిటీ ఎంబీఏల జీతాలు చూసింది. చదువైపోయిన కొత్తలో ఆడా మగా జీతాలు దాదాపు దగ్గరగా ఉన్నాయి. పది పదిహేనేళ్లకి పెద్ద తేడా వచ్చింది. కారణాల్లో ముఖ్యమైనవి, మధ్యలో ఆగిన ఉద్యోగం, తగ్గిన గంటలు. ఆ రెండూ ఎక్కువగా పిల్లలు పుట్టాక మొదలయ్యాయి. రాత్రీ పగలూ, ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేవాళ్లకి గంటకి ఎక్కువ లెక్కన ఇచ్చే ఉద్యోగాల్ని ఆవిడ అత్యాశ ఉద్యోగాలు అంటుంది. ఇంట్లో ఒకరు అలా పలకాలంటే ఇంకొకరు పిల్లల బడి నుంచి ఫోనొస్తే పలకాలి.

నేను ఆవిడ పరిశోధనలో సగమే చదివి వాదించాను. అమెరికాలో పెళ్లయిన టీచర్లనీ గుమస్తాలనీ తీసేసిన పద్ధతి మీద లోతుగా పనిచేసింది కూడా ఆవిడే. ఆ రెండు పరిశోధనలూ ఒకే కథలో రెండు అధ్యాయాలు. మొదటి అధ్యాయంలో రూలు అచ్చులో ఉంది. రెండో అధ్యాయంలో పని గంటల్లో ఉంది.

మనకి 2017లో మెటర్నిటీ లీవు 12 వారాల నుంచి 26 వారాలకి పెరిగింది. మంచి చట్టం. కానీ ఆ జీతం మొత్తం యజమానే భరించాలి, తండ్రికి మాత్రం ఆ చట్టంలో ఒక్క రోజు కూడా లేదు. అంటే ఆడమనిషిని తీసుకుంటే ఖర్చు, మగవాణ్ణి తీసుకుంటే లేదు అని చట్టమే యజమానికి లెక్క చెప్పినట్టు. స్త్రీవాదులు ఈ రెండో సగం మీద ఇంకా గట్టిగా అరవాలని నా కోరిక. మగవాళ్లం మేము కూడా, మాకు సెలవు ఎందుకు లేదని అడగాలి. సమానత్వం కావాలని అడిగే మగవాళ్లు ఈ ఒక్కచోట ఎందుకో అడగరు. నేనూ అడగలేదు.

మా టీములో ఆమె ఆ తర్వాత ఏడాది ఉద్యోగం మానేసింది. ఇంటికి దగ్గర్లో, తక్కువ జీతానికి ఇంకో చోట చేరిందని విన్నాను. వెళ్లేముందు పనులు అప్పగించే చెక్‌లిస్టు నేనే చూడాల్సి వచ్చింది. అందులో ఉద్యోగం వదలడానికి కారణం అనే చోట, కింద జాబితాలోంచి ఒకటి ఎంచుకోవాలి. ఉన్నత విద్య, మెరుగైన అవకాశం, ఆరోగ్యం, వ్యక్తిగతం. ఆమె వ్యక్తిగతం అని ఎంచుకుంది.

1977 నాటి ఆ సైన్యం పుస్తకంలో కారణం స్పష్టంగా అచ్చయి ఉంది కాబట్టే, ముప్పై అయిదేళ్లు పట్టినా, దాన్ని కోర్టులో వేలు పెట్టి చూపించడానికి కుదిరింది. మా ఫారంలో చూపించడానికి ఏమీ లేదు. ఆమె పేరుని కిందికి లాగిన చెయ్యి మేనేజరుది, మాట నాది, రెండూ ఆ ఫారంలో ఎక్కడా లేవు. రేపు ఎవరైనా మా కంపెనీ జీతాల మీద మోడల్ కడితే, ఆ ఏడాది ఆమె రేటింగు తక్కువ కాబట్టి జీతం తక్కువ అని వస్తుంది. సర్దుబాటు చేశాక తేడా ఏమీ ఉండదు.